చప్పిడి మొక్కు

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి శుభాంగి మందు గోలీలు లెక్కపెట్టడం రెండోసారి ముగించింది. ఇరవై ఆరు. మొదటిసారి లెక్కపెట్టినప్పుడూ ఇరవై ఆరే.

"అయిందా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కైలాస్. "రెండింటికి ఆ పిల్లని జీపెక్కిస్త. నీ లెక్కలు తెమిలినా, తెమలకున్నా."

ఆ పిల్ల అంటే దీపాలి. చనిపోయిన వైభవ్ భార్య. వంటింటి గడప మీద కూర్చుని గంట నుంచి ఒకే గచ్చుబండను చూస్తోంది. పక్కన మహిళా కానిస్టేబుల్ శాంతాబాయి నిలబడి ఉంది. చావు జరిగి రెండు రోజులైంది. వీధి గదిలో పరామర్శకు వచ్చినవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. ఆ గొంతులు వింటే జాలి పుట్టాలని శుభాంగికి తెలుసు. ఈమధ్య అన్నీ తెలుస్తున్నాయే తప్ప ఏదీ పుట్టడం లేదు.

కైలాస్ అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్, సర్ఖని అనే ఊరి వైపు మనిషి. శుభాంగి ఫౌజ్‌దార్, అంటే ఎస్సై, అతనికంటే ఒక మెట్టు కింద. మర్ఖేల్‌లో కూలిపని చేసే ఎంకన్న కూతురు తన పక్క కుర్చీలో కూర్చోవడం కైలాస్‌కు మొదటి రోజునుంచీ మింగుడు పడలేదు. పైగా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఈ కేసులో అతని కుందేలు దీపాలి.

కేసు చూడటానికి చిన్నదే. నాందేడ్ మార్కెట్‌లో బట్టల దుకాణం నడిపే అన్నదమ్ములు వెంకట్రావ్, వైభవ్. చిన్నవాడు వైభవ్‌కు తొమ్మిదేళ్లుగా బైపోలార్ జబ్బు. మనసు ఒక కొసన ఆకాశంలో ఉంటుంది, ఇంకో కొసన బావిలో ఉంటుంది. ఒక దీపావళికి అతను నాలుగు రాత్రులు నిద్రపోకుండా, దుకాణంలో చీరలన్నీ రోడ్డు మీదికి తెచ్చి పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ పంచిపెట్టాడు. ఆ తర్వాత మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. లిథియం గోలీలు అతన్ని రెండు కొసల మధ్యకు తెచ్చి నిలబెట్టాయి. గడిచిన రెండేళ్లూ ఏ తేడా లేదు. పెళ్లి కూడా అప్పుడే అయింది.

ఆగస్టు ఇరవై రెండున మధ్యాహ్నం పన్నెండింటికి అన్నం పళ్లెం ముందే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇరవై నాలుగు తెల్లవారి ఐదూ పదికి ఆస్పత్రిలో పోయాడు. రక్తంలో లిథియం ఒకటి లోపు ఉండాల్సింది, మూడు పాయింట్ ఎనిమిది ఉంది. గోలీలు రోజూ చేతికి ఇచ్చేది భార్యే. ఆమే గుప్పెడు మింగించిందని అన్న వెంకట్రావ్ ఫిర్యాదు రాసిచ్చాడు. వడ్డించిన విస్తరి ముందు కూర్చోవడమంటే కైలాస్‌కు ఇష్టం.

"ఆగస్టు ఒకటిన తొంభై గోలీలు కొన్నరు సాహెబ్" అంది శుభాంగి. "దినాం మూడు. ఇరవై ఒక్క దినాలకు అరవై మూడు. ఇరవై రెండు పొద్దుగాల ఒకటి. మొత్తం అరవై నాలుగు. ఇంక ఇరవై ఆరు మిగలాలె. మిగిలినయి."

"ఇంకో దుకాన్ల కొన్నదేమో."

"చీటీ లేంది ఇయ్యరు. చీటీ మీద ఒక్కటే దుకాన్ ముద్ర ఉన్నది."

"పాతయి దాచిపెట్టిందేమో. దాచిపెట్టెటోళ్లకు తొవ్వ దొరకదా?"

శుభాంగి పంచనామా నకలు తీసింది. "గదువ మీద ఏడు గాట్లని మీరే రాసిన్రు. మూడు మానినయి, రెండు పక్కు కట్టినయి, రెండు పచ్చివి."

"పెండ్లాంతోని పెనుగులాడిండు. గోర్లు గీరుకున్నయి."

"గోరు గీరితే చంద్రవంక లెక్క ఉంటది. ఇవి సన్నటి గీతలు, బ్లేడువి. గడ్డం గీసుకునేటప్పుడు చెయ్యి వణికింది. మానినయి, మాననియి రెండూ ఉన్నయంటే ఒక్కనాటి వణుకు గాదు, వారం పది దినాలది."

శుభాంగి గడప దగ్గరికి వెళ్లి దీపాలి ముందు నేలమీద కూర్చుంది.

"చెయ్యి ఎప్పటిసంది వణుకుతుండె, దీపాలీ?"

దీపాలి గొంతులో ఎత్తూ పల్లమూ లేదు. "పదిహేను ఆగస్టు. దుకాణం ముందల జెండా తాడుకు ముడి వెయ్యరాలే. నవ్విండు. పద్దెనిమిదికి చాయ్ కప్పు పట్టరాలే. ఇరవైకి తాగినోని లెక్క నడిచిండు."

"డాక్టర్ దగ్గరికి ఎందుకు పోలే?"

"బావకు చెప్పిన. ఇరవై ఐదుకు నంబర్ దొరికింది, అప్పుడు చూద్దామన్నడు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడన్న బావనే తీస్కపోతడు. ఆడోళ్లు ఎందుకంటడు."

"రక్తం పరీక్ష?"

"పదో తారీఖు ఉండె. శ్రావణం పోనీ, సూదులు వద్దన్నడు."

"అన్నదమ్ములకు పొత్తు ఉండెనా?"

"ఉండె. మొన్న జూన్ల ఈయన వాటా అడిగిండు. ఇప్పుడు మంచిగున్న, సొంతంగ దుకాణం పెట్టుకుంటనన్నడు. బావ సరే చూద్దామన్నడు. గంతే."

శుభాంగి ఆ మాటను మనసులో పెట్టుకుంది. పిచ్చివాడని పేరున్నన్నాళ్లు వైభవ్ తమ్ముడు మాత్రమే. బాగుపడ్డాకే వాటాదారు అయ్యాడు.

ఆమె లేచి కైలాస్‌తో అంది. "ఒక్కసారే గుప్పెడు మింగితే వారం ముందు చెయ్యి వణకదు సాహెబ్. విషం మెల్లగ ఎక్కింది. గోలీలు మాత్రం ఎక్కువ పడలే. ఇంట్ల ఇంకేదో మారింది."

"ఏం మారింది?"

"అదే చూస్తున్న."

వంటింటి అలమరలో స్టీలు గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. పై అరలో ఒక్కటే ఇత్తడి గిన్నె, మనిషికి ఒక పూటకు సరిపోయేంతది. దాని మెడకు పసుపు దారం చుట్టి ఉంది. శుభాంగి చెయ్యి చాచింది.

"ముట్టకు బిడ్డా. అది వాని గిన్నె."

వైభవ్ తల్లి ఉమాబాయి వెనక గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది, గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

"దారం ఎందుకమ్మా?"

"మర్చిపోయి ఎవరన్న ఉప్పు చెయ్యి దాంట్ల పెడ్తరని. చప్పిడి మొక్కు బిడ్డా. శ్రావణం తొలి సోమారం కెల్లి ఐదో సోమారం దాక, దినాం. ఒంటిపూట, ఉప్పు లేని కూడు. వాడు మందు లేకుంట నిద్రపోవాలె, అందరి పిల్లల లెక్క బతకాలె అని మొక్కిన. వానితోని నేను గూడ తింటున్న."

శుభాంగి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తొలి సోమవారం ఆగస్టు ఐదు. జెండా తాడు ముడి పడనిది పదిహేనున. మధ్యలో పది రోజులు. ఇరవై రెండు నాటికి పదిహేడు రోజులు.

"సాహెబ్, మారింది ఇదే. ఉప్పు."

కైలాస్ నవ్వాడు. "ఉప్పు మానితే సస్తరా? అట్లయితే ఈ ముసలామె ఎట్ల నిలవడ్డది? ఆమె గూడ అదే తిన్నది గద."

ప్రశ్న సరైనదే. కైలాస్ మొండివాడే గానీ మొద్దు కాదు.

"ఆమె మందు తినది" అంది శుభాంగి. "మన ఒంటికి ఉప్పు, ఈ మందు ఒక్క తీరే కనబడ్తయి. దినాం ఉప్పు తిన్నన్ని దినాలు కిడ్నీ రెంటినీ కొంచెం కొంచెం బయటికి పంపుతది. ఉప్పు బందయితే ఉన్నదాన్ని వదలదు, పట్టి పెట్టుకుంటది. ఉప్పనుకొని మందును గూడ పట్టి పెట్టుకుంటది. తినే గోలీలు అవే, రక్తంల మాత్రం దినదినం పెరుగుతది. ఒంటిపూటలకు నీళ్లు గూడ తక్కువ తాగుతరు. ఇంక జల్ది పెరుగుతది."

"ఏ పుస్తకంల చదివినవ్?"

"డాక్టర్ లింగమూర్తిని అడుగుండ్రి. వైభవ్‌ను చూసేది ఆయననే."

"చెయ్యి మరి ఫోన్."

అప్పటికే మూడుసార్లు చేసింది. రెండింటి దాకా ఆయన పేషెంట్లను చూస్తాడు, ఫోన్ ఎత్తడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒంటిగంటా నలభై ఒకటి అయింది. కైలాస్ గడియారం చూసుకుని చేత్తో సైగ చేశాడు.

"శాంతాబాయీ, లేవదియ్యి ఆమెను. రిపోర్ట్‌ల మూడు పాయింట్ ఎనిమిది ఉన్నది. గోలీలిచ్చింది ఈమె. ఫౌజ్‌దార్ మేడం చెప్పిన ఉప్పు కథ కోర్టుల చెప్తే నవ్వుతరు."

శాంతాబాయి దీపాలి రెక్క పట్టుకుంది. దీపాలి లేచి నిలబడింది. ఎక్కడికని అడగలేదు. చెప్పులు వేసుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. పట్టపగలు, పరామర్శకు వచ్చిన నలభై మంది కళ్ల ముందు నుంచి మొగుణ్ని చంపిందని జీపెక్కితే, రేపు నిర్దోషి అని వదిలేసినా ఆ పిల్లకు ఈ ఊళ్లో నీళ్లు పుట్టవు.

"పుస్తకంల చదవలే సాహెబ్" అంది శుభాంగి. "ఆరేండ్ల సంది నేను గూడ తింటున్న. ఇదే గోలీ. పొద్దుగాల ఒకటి, రాత్రి రెండు. ఇదే డాక్టర్."

ఆమె కుడిచెయ్యి ముందుకు చాచి వేళ్లు విడదీసింది. వేళ్లు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. "మోతాదు సరిగ్గ ఉన్నా నాకు ఇంత ఉంటది. సూదిల దారం ఎక్కియ్యరాదు. ఇది ముదిరితే ఎట్లుంటదో, ఏం చేస్తే ముదురుతదో ఆయన నాకు తొలినాడే చెప్పిండు. ఉప్పు మానొద్దు, నీళ్లు మానొద్దు, అడగకుండ నొప్పుల గోలీ తినొద్దు."

శాంతాబాయి దీపాలి రెక్క వదిలేసి శుభాంగి వైపు తిరిగింది. ఆరేళ్లుగా శుభాంగి ముఖానికి స్కార్ఫ్ కట్టుకుని లింగమూర్తి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుంది ఈ మాట బయటపడకూడదనే. ఉద్యోగం పర్మనెంట్ అయిన ఏడాది, ఇక నాకేం రోగం అని ఆమె మందు మానేసింది. పదకొండు రోజులు నిద్రలేదు. జిల్లాలో కేసులన్నీ తానొక్కతే తేల్చేయగలనని నమ్మింది. ఆ పదకొండు రోజులూ మర్ఖేల్ ఇంట్లో నాయన ఎంకన్న కూలికి పోకుండా తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ ఒక్క గోలీ తప్పలేదు. ఇప్పుడు బుర్ర నిలకడగా ఉంది, పని నడుస్తోంది, నిద్ర పడుతోంది. ఆరు నెలలుగా లోపల మాత్రం ఉప్పు లేని కూడులా చప్పగా ఉంది. అట్లా అనిపిస్తే వచ్చి చెప్పు, మోతాదు చూద్దాం, నీ అంతట నువ్వు మానకు అని డాక్టర్ అన్నాడు. ఆమె వెళ్లి చెప్పలేదు. చెప్పాలన్న ఆరాటం కూడా పుట్టలేదు.

"నీకు పిస్తోల్ ఇచ్చిన్రు" అన్నాడు కైలాస్ నెమ్మదిగా. "ఎస్పీ సాహెబ్‌కు తెలుసా?"

"మీకు తెలిసింది గద. ఇగ తెలుస్తది."

"నేను చెప్పనని అనుకుంటున్నవా?"

"చెప్తరనే అనుకుంటున్న. రెండింటి దాక ఆగుండ్రి. డాక్టర్ నేను చెప్పింది తప్పంటే ఆమెను తీస్కపోండ్రి, నన్ను గూడ రాసుకోండ్రి."

అతని నుంచి ఎత్తిపొడుపు వస్తుందనుకుంది. రాలేదు. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రేపు డాక్టర్ కోర్టులో ఎదురు తిరిగితే ముందు మునిగేది తానేనన్న లెక్క అతనికి బాగానే వచ్చు. "రెండు కొట్టంగనే లేస్త" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని ఉన్న ఉమాబాయి మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"అంటే నా మొక్కు వల్లనా?" అంది. "అట్లెట్ల అయితది బిడ్డా? నేను అడగకుండ చెయ్యలే. మందు తినేటోడు చప్పిడి పట్టొచ్చునా అని పెద్దోన్ని అడుగుమన్న. జూలైల చీటీకి వాడొక్కడే పోయినప్పుడు అడిగిండు. డాక్టర్ సరే అన్నడట. ఉప్పు మానితే మందు ఇంక మంచిగ పట్టుకుంటదన్నడట. ఆ మాట చెప్పే చిన్నోన్ని ఒప్పించిన. పెద్దోడు ఇంటికొచ్చి నాకు చెప్పిండు. ఇట్లనే, ఈడనే కూసున్న."

"ఎవరెవరున్నరు అప్పుడు?"

"ఎవరుంటరు? నేను, పెద్దోడు."

శుభాంగి అలమరలోని ఆస్పత్రి ఫైలు తెరిచింది. ప్రతి మూడు నెలలకూ ఒక కేసు పేపర్. జనవరిది ఉంది, ఏప్రిల్‌ది ఉంది. జూలైది లేదు. జూలైలో చీటీ రాయించుకోకుండా ఆగస్టు ఒకటిన గోలీలు రావు. కాబట్టి కాగితం ఉండేది, ఎవరో తీశారు. తీసినవాళ్లు ఆ డాక్టర్ పద్ధతి మరిచిపోయారు. లింగమూర్తి రాసే ప్రతి కాగితం కింద కార్బన్ పెడతాడు. జాగ్రత్తలు రోగి ఒక్కడికే చెప్పి ఊరుకోడు, వెంట వచ్చిన మనిషి చేత సంతకం పెట్టిస్తాడు. వెంట ఎవరూ రాని శుభాంగి రెండు చోట్లా తానే సంతకం పెడుతుంది.

పేషెంట్లు తొందరగా అయిపోయినట్టున్నారు, ఒంటిగంటా యాభై రెండుకే లింగమూర్తి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె స్పీకర్ పెట్టింది.

"డాక్టర్ సాబ్, వైభవ్ జూలై కాగితం నకలు కావాలె."

కాగితాలు తిరగేసిన చప్పుడు. "జూలై పన్నెండు. ఉన్నది. వాళ్ల అన్న ఒక్క సంగతి అడిగిండు, అది గూడ రాసిన. చదువుతున్న. తల్లి ఉప్పు లేని ఉపాసం పట్టిస్తనంటున్నదట. ఒక్క పూట గూడ ఉప్పు మానొద్దు. మానితే మందు రక్తంల పేరుకొని విషమైతది. చెయ్యి వణికినా, నడక తూలినా ఆనాడే తేవాలె. కింద అన్న సంతకం ఉన్నది, వెంకట్రావ్ అని. ఎందుకమ్మా? ఆ అబ్బాయి ఎట్లున్నడు?"

ఆస్పత్రి వేరు కాబట్టి ఆయనకు కబురు అందలేదు. శుభాంగి చెప్పింది. ఆయన ఆ కాగితం ఫొటో పంపుతున్నానన్నాడు.

కైలాస్ స్టూలు మీద నుంచి లేచాడు. జీపు సంగతి ఎత్తలేదు. "వెంకట్రావ్‌ను పిలువు" అన్నాడు శాంతాబాయితో.

వెంకట్రావ్ వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల. దుకాణంలో గిరాకీని పలకరించినంత మర్యాదగా అందరికీ నమస్కారం పెట్టాడు.

"మొక్కు సంగతి డాక్టర్ను అడిగినరా?" అంది శుభాంగి.

"లేదు మేడం. ఆడోళ్ల మొక్కులు నాకు తెల్వయి."

ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది. అతను ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదివాడు, కిందినుంచి పైకి మళ్లీ చదివాడు. ముఖంలో ఏమీ మారలేదు. ఫోన్ తిరిగిచ్చి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"అబద్ధం చెప్పిన, మాఫ్ చెయ్యిండ్రి. అడిగిన. వద్దన్నడు. ఇంటికొచ్చి అమ్మకు అదే చెప్పిన, వద్దు, ఉప్పు మానద్దు అని. అమ్మ విన్లే. దేవుని కంటె డాక్టర్ ఎక్కువనా అన్నది. కన్నతల్లిని పోలీసులకు ఎట్ల పట్టియ్యాలె? అందుకే ఆ కాగితం చింపిన. దీపాలి మీద అనుమానం చెప్పింది గూడ అందుకే."

ముగ్గురు పోలీసులూ ఉమాబాయి వైపు తిరిగారు. పది నిమిషాల కింద ఆమె చెప్పిన మాట అందరూ విన్నారు. రాసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఉమాబాయి పెద్దకొడుకు ముఖం చూస్తోంది. ఆ చూపులో మొదట ప్రశ్న ఉంది. తర్వాత ప్రశ్న పోయింది. ఆమెకు అర్థమైందని శుభాంగికి తెలిసింది. ఇద్దరు కొడుకుల్లో ఒకడు పోయాడు, రెండోవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఔ బిడ్డా" అంది ఉమాబాయి. "వాడు వద్దన్నడు. నేనే విన్లే."

"ఇందాక డాక్టర్ సరే అన్నడని చెప్పినవ్ గదమ్మా."

"సోయి లేక మాట్లాడిన. వండింది నేను, పెట్టింది నేను. నన్ను తీస్కపోండ్రి. కోడలిని వదిలిపెట్టుండ్రి."

దీపాలి అత్త వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. కైలాస్ శుభాంగి వైపు చూశాడు. ఇప్పుడేం చేద్దామని అతను ఆమెను అడగడం ఇదే మొదలు, అది కూడా నోటితో కాదు. ఒక్క అబద్ధంతో మనిషిని చంపవచ్చు, ఆ అబద్ధాన్ని విన్న ఒకే ఒక్క మనిషి విననేలేదంటే అది నేరంగా కూడా మిగలదు.

"ఆమెను స్టేషన్‌కు తీస్కరా" అన్నాడు కైలాస్ శాంతాబాయితో. "స్టేట్‌మెంట్ రాయాలె. దీపాలి ఈడనే ఉండనీ."

ఉమాబాయి కొంగు తలమీదికి లాక్కుంది. వెంకట్రావ్ వంగి తల్లి కాళ్లకు మొక్కాడు. లేచేటప్పుడు అతని చెయ్యి పై అర మీదికి వెళ్లింది. పసుపు దారం కట్టిన గిన్నె కిందికి దించాడు.

"నువ్వు బయటి కూడు ముట్టవు గద అమ్మా" అన్నాడు మెత్తగా. "మొక్కు ఇంక వారం దినాలున్నది. పొద్దుమీకి స్టేషన్‌కు డబ్బా నేనే తెస్త. నీకోసం నేనే దగ్గరుండి వండిపిస్త."

"సరే బిడ్డా" అంది ఉమాబాయి.

అప్పుడు శుభాంగి లోపల ఏదో కదిలింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఆమెకు భయం వేసింది. జూలై పన్నెండున ఈ వంటింట్లో వెంకట్రావ్ ఏం చెప్పాడో విన్నది ఈ ముసలామె ఒక్కతే. ఈ రోజు కొడుకుని కాపాడింది. రేపు మనసు విరిగితే ఆమే నిజం చెప్పగలదు. ఆ సంగతి కొడుక్కీ తెలుసు. తన చేత్తో పెట్టింది ఏదైనా తల్లి కాదనకుండా తింటుందని కూడా తెలుసు.

"గిన్నె ఇయ్యిండ్రి" అంది శుభాంగి. "కేసు సొత్తు. స్టేషన్‌కు ఏ డబ్బా రాదు."

వెంకట్రావ్ నవ్వాడే గానీ రెండు చేతుల పట్టూ వదల్లేదు. ఆమె రెండు చేతులతో గిన్నెను పట్టుకుంది. ఇత్తడి మీద నాలుగు చేతులు ఉన్నాయి. వాటిలో వణుకుతున్నవి ఆమెవే. అతని చేతులు నిలకడగా ఉన్నాయి.